ఝరణీ దారిలో మూడు ముద్రల డబ్బాలు

బీదరు దగ్గరి ఝరణీ నరసింహస్వామిని చూడాలనుకునే అక్కచెల్లెళ్ళు రైలులో పోవడమే మంచిది. వికారాబాదులో బండి మారాలి, అంతకు మించి కష్టం లేదు. నేను మాత్రం మోటారులో పోయాను. అది ఏ మలుపులో ఆగిపోతుందోనని, ఆగితే నా ఇంటాయన పరువు ఏమవుతుందోనని రెండు రోజులు గుండె చేత పట్టుకుని కూర్చున్నాను. స్వామి దయ వల్ల ఆ రెండు రోజులూ గడిచాయి కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది దబీర్‌పురా. అత్తింటివారిది పాలవ్యాపారం. మరుదులిద్దరూ బర్రెలను చూసుకుంటారు. మా ఆయనకు చిన్నప్పటి నుంచీ ఇంజన్ల పిచ్చి. శాలిబండలోని ఒక దేవిడీలో, అంటే దొరల పెద్ద భవంతిలో, మొదట మోటారు తుడిచే పనికి చేరి, పాత డ్రైవరు ఖాదర్ సాహెబు పోయిన తరువాత తానే నడుపుతున్నాడు. ఆ దేవిడీ యజమానురాలిని అందరూ దొరసానమ్మ అంటారు. నేను పొద్దున్నే అక్కడ పాలు పోసి, మధ్యాహ్నం ఆమెకు పురాణం చదివి వినిపిస్తాను. మా నాయన నన్ను బడికి పంపకపోయినా ఇంట్లోనే పలక పట్టించి అక్షరాలు దిద్దించాడు. ఆ రుణం ఈ జన్మలో తీరదు.

దేవిడీ మోటారు దొరగారు బతికున్న రోజుల్లో విలాయతి నుంచి ఓడ మీద వచ్చింది. ఎనిమిది సిలిండర్ల ఇంజను. లోపల ముఖమలు మెత్తలు, కిటికీలకు పర్దాలు, పూలు పెట్టుకోను చిన్న వెండి గిన్నె. వెనక కూర్చున్నవారు డ్రైవరుతో మాట్లాడడానికి ఒక గొట్టం కూడా ఉంది. ఇప్పుడు ముఖమలు వెలిసిపోయింది, వెండి గిన్నెలో పూలు లేవు. యుద్ధం వచ్చాక పెట్రోలు చిట్టీల మీద ఇస్తున్నారు, ఇంజను నూనె అంతకన్నా కరువు. సరిగ్గా ఆ కరువులోనే ఈ మోటారు నూనె తాగడం మొదలుపెట్టింది. పొద్దున పోసిన నూనె సాయంత్రానికి కనబడదు. వెనక నీలం పొగ. అఫ్జల్‌గంజు మిస్త్రీ చూసి, "లోపల రింగులు అరిగినయ్ భాయ్. విలాయతికెల్లి రావాలె. లడాయిల ఓడలు యాడున్నయ్?" అని చేతులు తుడుచుకున్నాడు.

ముంషీగారు ఆ మాట నమ్మలేదు. ఆయన దేవిడీలో ముప్పై ఏళ్ళుగా లెక్కలు రాస్తున్న మనిషి. పిల్లి పాలు తాగినా ఎన్ని గుటకలు తాగిందో కనుక్కుంటాడు. ఒకనాడు నేను పురాణం చదువుతుండగానే దొరసానమ్మ ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, నూనె మోటరు తాగుతున్నదా, మనిషి తాగుతున్నడా, గది తేలాలె. బజార్ల ఒక్క డబ్బాకు మస్తు గిరాకీ ఉన్నది."

పంక్తి మీద వేలు పెట్టి చదవడం ఆపాను. దొరసానమ్మ నన్ను ఒకసారి, ఆయన్ను ఒకసారి చూసింది. "ఝరణీ మొక్కు ఎప్పటికెల్లో ఉన్నది. ఎల్లుండి పోదాం. మూడు డబ్బాలకు లక్కముద్ర వెయ్యి. నీ చేతుల్లనే పట్టుకో, నీ కండ్ల ముందలనే పోపియ్యి. ఆ మూడు డబ్బాలతోనే పోయి వస్తే సరే. రాకుంటే మోటరు అమ్మేస్త, రాములు ఇంకో పని చూసుకుంటడు. నర్సమ్మా, నువ్వు గూడ రా."

రాములు మా ఆయన పేరు. ఆమె నోట వచ్చింది కాబట్టి రాశాను.

శుక్రవారం తెల్లవారుజామున అయిదు గంటలకు బయలుదేరాం. దానికి ముందు మా ఆయన బానెటు ఎత్తి, నూనె కడ్డీ లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి ముంషీగారికి చూపాడు. ఈ కడ్డీ గురించి కొంచెం చెప్పాలి. ఇంజను అడుగున నూనె ఎంత ఉందో దానితో చూస్తారు. ఖాదర్ సాహెబు నాటి కడ్డీకి రెండు గీతలుండేవట. నూనె ఆ రెంటి నడుమ ఉండాలి. మా అత్తగారి కర్మలకు మా ఆయన పది రోజులు ఇంటి దగ్గర ఉన్నప్పుడు, ఎవరో తుడవబోతే ఆ కడ్డీ విరిగింది. ముంషీగారే చార్మినారు దగ్గర ఇత్తడి పనివాడికి దాన్నిచ్చి అలాంటిదే చేయించాడు. కొత్త కడ్డీ బంగారంలా మెరుస్తుంది గాని కొన దగ్గర ఒక్కటే గీత. "పైగీత కొట్టుడు మరిచిండు" అనుకుని, మా ఆయన ఆ గీతకు రెండు వేళ్ళు పైదాకా నూనె పోయడం అలవాటు చేసుకున్నాడు.

ఆ రోజూ అలాగే పోశాడు. ముంషీగారు వేళ్ళతో కొలిచి తలూపాడు. మూడు డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక దొరసానమ్మ, నేను. మా ఆయన బట్టల మూట నా కాళ్ళ దగ్గర.

అయిదుంబావుకు మూసీ వంతెన దాటాం. అఫ్జల్‌గంజులో అప్పుడే ధాన్యం బండ్లు దిగుతున్నాయి. దొరసానమ్మ కళ్ళు మూసుకుని జపం చేసుకుంటోంది. నాకు జపం కుదరలేదు. వెనక చిన్న అద్దం మీది పర్దా కొద్దిగా పక్కకు జరిపి చూశాను. పొగ! మా వెనక సైకిలు మీద వచ్చే పెద్దమనిషి ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకుని, "ఏం మోటరయ్యా, ఇటుకబట్టీ లెక్క!" అని అరిచాడు. ముంషీగారు విని డబ్బాలను ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాడు.

అప్పటి నుంచీ ఆ పర్దా వదల్లేదు. పటాన్‌చెరువు దాటేదాకా నీలం పొగ చిక్కగా ఉంది. తరువాత పల్చబడింది. ఏడు గంటలకు సంగారెడ్డి దగ్గర ఆగినప్పుడు దాదాపు లేదు. "చల్లగయింది స్వామీ" అని దండం పెట్టుకున్నాను. మా ఆయన కడ్డీ లాగాడు. నూనె గీత దగ్గరికి దిగిపోయింది. మొదటి డబ్బా ముద్ర పగిలింది. మళ్ళీ రెండు వేళ్ళు పైకి పోశారు. ఇడ్లీలు అమ్మే ఆమె దగ్గర నాలుగు తీసుకున్నాం గాని నాది ఆకులోనే ఉండిపోయింది. బండి కదలగానే మళ్ళీ పొగ చిక్కబడింది.

జహీరాబాదుకు తొమ్మిదింటికి చేరాం. నూనె మళ్ళీ గీత దగ్గరికే వచ్చింది. రెండో డబ్బా పోయింది.

"ఒక్క తొవ్వకే రెండు! గానుగోని ఎద్దు గూడ ఇంత నూనె చూడలే" అన్నాడు ముంషీగారు.

మా ఆయన ఏమీ అనలేదు. ఆయన అలా ఊరుకున్నప్పుడు నాకు భయం. చిన్నప్పుడు తిడితే తిరగబడే మనిషి, ఇప్పుడు ఎందుకు ఊరుకుంటున్నాడు? ఆ ఆలోచన పుట్టినందుకు చెంపలేసుకున్నాను. కాని పుట్టింది.

బీదరులో పదకొండింటికి దిగాం. నేల అంతా ఎర్రటి రాయి, ఎర్రటి మన్ను. కాళ్ళు కడిగితే పళ్ళెంలో పారాణి కలిపినట్టుంటుంది. కోమట్ల సత్రంలో రెండు గదులు దొరికాయి. వంట మనమే చేసుకోవాలి, కట్టెలు సత్రంవాళ్ళే ఇస్తారు. నీళ్ళు మంచివి.

సాయంత్రం మా ఆయన బావి దగ్గర స్నానానికి పోయాడు. మూట గోడవార ఉంది. రాసుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, దేవుని దగ్గరికి పోయి వచ్చిన కథ రాస్తూ అబద్ధం ఎలా రాయను? మూట విప్పాను. రెండు పంచెలు, ఒక కమీజు, నేను కట్టిచ్చిన సద్దరొట్టెలు, ఖాదర్ సాహెబు ఇచ్చిన చిన్న రెంచీ. అంతే. నూనె మరక కూడా లేదు. మళ్ళీ కట్టి, ఉన్నచోటనే గోడవార పెట్టాను.

మర్నాడు ఆరు గంటలకే ఝరణీకి పోయాం. పోయేవారికి చెబుతున్నాను, తడి బట్ట మార్చుకోను వేరే చీర తీసుకుపోండి, నగలు సత్రంలోనే ఉంచండి. కొండ అడుగున సొరంగంలో నీళ్ళలో నడిచి పోవాలి. మొదట నడుము దాకా, తరువాత రొమ్ము దాకా నీళ్ళు. పైన గబ్బిలాలు వేలాడుతుంటాయి, ఎవరినీ ఏమీ అనవు. పూజారి ముందు దివ్వె పట్టుకుని నడిచాడు. దొరసానమ్మ నా భుజం పట్టుకుంది.

"భయమైతున్నదా నర్సమ్మా?"

"నీళ్ళకు కాదమ్మా."

లోపలి రాతి గోడ మీద స్వామి. దివ్వె వెలుగు నీళ్ళలో పడి ఆయన ముఖం మీద కదులుతోంది. అందరూ సంతానమో ఆరోగ్యమో అడుగుతారు. నేను, "నిన్న నేను చేసిన పని మన్నించు. నా ఇంటాయన మాట నిలబెట్టు" అని అడిగాను.

సత్రానికి వచ్చి, అన్నం, పప్పుచారు తిని, పదకొండు గంటలకు తిరుగుదారి పట్టే ముందు కడ్డీ చూస్తే నూనె మళ్ళీ గీత దగ్గరే ఉంది. మూడో డబ్బా, ఆఖరిది, పోశారు. బజారంతా తిరిగినా బీదరులో ఇంజను నూనె చెంచాడు దొరకలేదు. ఒక లారీ డ్రైవరును అడిగితే, "హమారే పాస్ హీ నై హై మియా, మేమే ఆముదం పోసుకుందామా అని చూస్తున్నం" అని నవ్వాడు.

ఒంటిగంటకు జహీరాబాదు చేరి వేపచెట్టు నీడన ఆగాం. దారంతా నేను వెనకద్దంలో చూస్తూనే ఉన్నాను. మొదట చిక్కని పొగ, తరువాత పల్చన, ఊరు వచ్చేసరికి ఏమీ లేదు. కడ్డీ లాగారు. గీత మీద నిలబడింది. మూడు డబ్బాలూ ఖాళీ. పట్నం ఇంకా అరవై మైళ్ళకు పైన ఉంది.

ముంషీగారు బానెటు దగ్గరి నుంచి నేరుగా దొరసానమ్మ కిటికీ దగ్గరికి వచ్చాడు. "అమ్మా, మూడు గంటలకు రైలున్నది. మీరు, నేను, నర్సమ్మ రైల్ల పోదాం. మోటరు ఈన్నే ఉండనియ్యుండ్రి. రాములు సంగతి పోలీసులకు చెప్తే వాండ్లే అడుగుతరు."

"నేనేం చేసిన్నని పోలీసులకు చెప్తవ్ ముంషీ సాబ్?" అన్నాడు మా ఆయన. రెండు రోజుల్లో అదే మొదటిసారి గొంతెత్తడం. "ముద్రలు నువ్వేసినవ్, నువ్వే పగలగొట్టినవ్. నూనె నీ కండ్ల ముందల్నే పోసిన. నేనేమన్న మంత్రమేసిన్నా?"

"గదే నాకు ఎరుకైతలేదు" అన్నాడు ముంషీగారు. నిజంగానే ఆయనకు అర్థం కాలేదని ముఖం చూస్తే తెలిసింది.

వాళ్ళ లొల్లి మధ్యలో దొరసానమ్మకు దాహమంటే మజ్జిగ తేవడానికి నేను దిగాను. రోడ్డు పక్క గుడిసె ముందు ఒక అవ్వ కవ్వంతో చిలుకుతోంది. కుండ సగానికి తక్కువే ఉంది. నేను పెండ్లయి వచ్చిన కొత్తలో పని తొందరగా అవుతుందని కుండ మెడ దాకా పెరుగు పోసి చిలికితే, మజ్జిగ గోడకూ నా ముఖానికీ చిమ్మింది. మా అత్తగారు నవ్వి, "సగం కుండకు మించి పోస్తే కవ్వం అందరికీ పంచుతది బిడ్డా" అన్నది. ఆ మాట గుర్తొచ్చి అవ్వ ముందు అలాగే నిలబడిపోయాను.

ఇంజను అడుగు తొట్టిలో నూనె ఉంటుందనీ, ఇనుప చువ్వలు దానికి కొంచెం పైన గిరగిరా తిరుగుతాయనీ మా ఆయన ఎప్పుడో అన్నం తింటూ చెప్పాడు.

మజ్జిగ చెంబు పట్టుకుని వచ్చి, ఆయన్ను పక్కకు పిలిచాను.

"ఏందే?"

"నువ్వు నూనె పోసినంక పొగ ఎక్కువొస్తున్నది. గీత దగ్గరికి రాంగనే బంద్ అయితున్నది. రెండు దినాల సంది వెనకద్దంలకెల్లి చూస్తున్న, ప్రతిసారీ గట్లనే. తక్కువైతున్నదని మీరు పోస్తున్నరు. నాకేమో ఎక్కువై చిమ్ముతున్నదని అనిపిస్తున్నది. నిండు కుండల కవ్వమేసినట్టు."

ఆయన కడ్డీని చేతిలోకి తీసుకుని, కొనను బొటనవేలితో తడిమాడు. "రెండు గీతల్ల ఒకటి పోయింది. నేను పైది పోయిందనుకున్న" అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "కిందిది పోయిందేమో. ఈ ఉన్నదే పైదేమో."

ముంషీగారు ఆ మాట వినగానే, "ఆడామె మజ్జిగ చిలికినట్టు చెప్తే గిన్ని వేల మోటరును పాడు చేస్తమా?" అన్నాడు.

దొరసానమ్మ పర్దా తీసి తల బయటికి పెట్టింది. బజారులో ఆమె అలా చేయడం నేనెన్నడూ చూడలేదు. "నర్సమ్మా, గట్టిగ చెప్పు. నీకు నమ్మకమున్నదా?"

"మజ్జిగ సంగతి నాకు ఎరుక అమ్మా. మోటరు సంగతి ఎరుకలే."

"రాములూ, నీకు?"

"అయిదు మైళ్ళకోసారి ఆపి చూస్తనమ్మా. గీతకు గోరంత కింద దిగినా ఆడనే ఆపేస్త. ఇంజను పట్టేసిందా, తప్పు నాదే. ఏ శిక్షయినా సరే."

ఆమె లోపలికి జరిగి కూర్చుంది. గొట్టంలో మాట వినిపించింది. "పోనియ్యి."

రెండు గంటలకు కదిలాం. ఆ దారి ఎలా గడిచిందో చెప్పలేను. రాయి తగిలినా ఇంజను పగిలిందనుకునేదాన్ని. అయిదు మైళ్ళకు ఆగాం. ముంషీగారు మా ఆయన్ను దగ్గరికి రానివ్వకుండా తానే కడ్డీ లాగి, ఎండకు పట్టి, కళ్ళద్దాలు సవరించుకుని చూశాడు.

"గీత మీదనే ఉన్నది."

పది మైళ్ళకు. "గీత మీదనే."

సదాశివపేట దగ్గర, "ఏంది, గీత మీదనే!" అన్నాడు. ఈసారి ఆయన గొంతులో కోపం లేదు. తరువాత ఆగిన చోటల్లా నేను అడగకముందే వెనక్కి తిరిగి నాకు వేలితో చూపించేవాడు. వెనకద్దంలో రోడ్డు కనిపిస్తోంది, దుమ్ము కనిపిస్తోంది, బండ్లు కనిపిస్తున్నాయి. పొగ లేదు. పటాన్‌చెరువు దగ్గర చూస్తే గీతకు సన్నగా, దారమంత కిందికి దిగింది. మా ఆయన, "పాత ఇంజను, గంత తాగుతది. గది దాని హక్కు" అని మొదటిసారి నవ్వాడు.

ఆరున్నరకు మూసీ దాటి చార్మినారు వైపు వస్తుంటే ముంషీగారే బండి ఆపమన్నాడు. గాజుల దుకాణాల వెనక సందులోకి ఆయన, మా ఆయన నడిచారు. దొరసానమ్మ సైగ చేస్తే నేనూ వెంట పోయాను. ఇత్తడి పనివాడు తెల్లగడ్డం ముసలాయన, హుక్కా సుత్తితో చక్కబెడుతున్నాడు.

"ఉస్తాద్, ఈ కడ్డీ గుర్తున్నదా? దీని నమూనా యాడున్నది?" అని అడిగాడు ముంషీగారు.

"నేను ఏ నమూనా పారెయ్య సాబ్" అంటూ ఆయన గోడ మేకుకు వేలాడే ఇనుప ముక్కల గుత్తిలోంచి పాత కడ్డీ తీశాడు. మా ఆయన లాక్కున్నట్టే అందుకున్నాడు. దాని కొన గరుకుగా ఉంది. పైగీత కిందనే విరిగి ఉంది, కింది గీత ఉన్న ముక్కే లేదు.

"ఇది విరిగిన కడ్డీ కదా ఉస్తాద్! గిట్ల ఎందుకు చేసినవ్?"

"ముంషీ సాబ్ ఇచ్చిండు, ఇట్లాంటిదే చెయ్యమన్నడు. బాల్ బరాబర్ ఫరక్, వెంట్రుకంత తేడా లేకుండ చేసిన. కొన గరుకున్నదని నేనే సాపు చేసిన, దానికి పైసలు గూడ అడగలే" అన్నాడు ముసలాయన, తన పనితనానికి వంక పెట్టారని కాస్త నొచ్చుకుంటూ.

ముంషీగారు ఆ రెండు కడ్డీలనూ పక్కపక్కన పెట్టి చూశాడు. మోటారు దగ్గరికి వచ్చి దొరసానమ్మకు చూపి, దాచకుండా అంతా చెప్పాడు. అది ఆయన గొప్పతనమే.

ఆమె విని, "లక్క ఇంక మిగిలిందా ముంషీ?" అని అడిగింది.

"ఉన్నదమ్మా."

"నాలుగు దినాలు నోటికేసుకో."

ముంషీగారు తల వంచుకుని, తరువాత మా ఆయన వైపు తిరిగి, "రేపు ఉస్తాద్ దగ్గర కొత్త కడ్డీ చేపిద్దాం రాములూ. నువ్వు దగ్గరుండాలె. నాకు ఎరుకలే గివన్ని" అన్నాడు. ఖాళీ డబ్బాలు మూడూ తానే మోసుకుని దేవిడీ లోపలికి పోయాడు.

మేము మూట పట్టుకుని శాలిబండ నుంచి దబీర్‌పురాకు నడిచి బయలుదేరాం. దీపాలు వెలిగే వేళ. ఈ ప్రయాణంలో నాకు చేసిన మేలుకు ఎవరెవరికి దండం పెట్టాలో లెక్కపెట్టుకుంటూ నడిచాను. గుహలోని స్వామికి, పర్దా తీసి తల బయటపెట్టిన దొరసానమ్మకు, నమూనా పారేయని ఉస్తాదుకు, పోయిన మా అత్తగారికి. ఆఖరున పక్కన నడిచే మనిషి దగ్గరికి వచ్చేసరికి లెక్క ఆపాను. దండం పెట్టే ముందు చెప్పవలసింది ఒకటి ఉంది.

"సత్రంల నీ మూట విప్పి చూసిన" అన్నాను.

ఆయన నడక ఆపలేదు. "ఎరుకే."

"ఎట్ల ఎరుక?"

"నేను ఒక్క ముడి వేస్త. స్నానం చేసి వచ్చేసరికి, నువ్వు పాలకుండకు గుడ్డ కట్టేటప్పుడు వేసే రెండు ముడులున్నయ్."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"ఏమని అడగాలె? నాలుగు దినాల సంది నాకే నా మీద అనుమానముండె. నిద్రల గిట్ల లేచి అమ్ముకొస్తున్ననా అని." కొంచెం దూరం పోయాక మూటను ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "నువ్వు చూసినవు, ఏం లేదని తేలింది. ఒక్కరికన్న తేలింది కదా అని రాత్రి మంచిగ పండుకున్న. జల్దీ నడువు, బర్రెలు పాలకొచ్చే పొద్దయింది."